పంటు మూసివేతకు మేమంతా థ్రిల్డ్

నదీ రేవుల నిర్వహణ మండలి వారు మా రేవులో ఉత్సాహాన్ని ప్రవేశపెట్టే నాటికి పంటు ఎక్కే బల్ల ఒక్కటే విరిగి ఉంది. తక్కినవన్నీ బాగానే ఉన్నాయి.

మాది తాటిమెరక. గోదావరికి అవతలి ఒడ్డున వెలగలంక. ఆ లంకలో మా చెల్లెలు వరహాలు ఉంటుంది. రెండు పడవలు జతచేసి పైన చెక్కలు పరిచిన పంటు మీద మనుషులూ, మోటారు సైకిళ్ళూ, అరటి గెలలూ, అప్పుడప్పుడు గేదెలూ కలిసి దాటుతాం. పావుగంట ప్రయాణం. వంతెన మీదుగా వెళ్ళాలంటే రెండు బస్సులు మారి ఒక ఆటో ఎక్కాలి. పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకి చేరతాం. మోకాళ్ళు పట్టేసే నాకూ, బస్సెక్కితే కడుపులో తిప్పే దానికీ అది అయ్యే పని కాదు. అందుకని ప్రతి శుక్రవారం అది ఇటో నేను అటో పంటు మీద దాటుతాం. ఆ పంటే లేకపోతే ఇద్దరం చెరో గట్టునా నిలబడి చేతులూపుకోవాలి. కళ్ళల్లో శుక్లాలున్నాయి గనక ఆ ఊపేది చెల్లెలో, ఎండుతున్న చీరో కూడా నాకు తెలియదు.

మండలికి కొత్త కార్యనిర్వహణాధికారి వచ్చారు. పేరు ఉమాధీశ్వరరావు గారు. రాగానే ఏదో పట్నంలో శిక్షణా తరగతులకి వెళ్ళారు. వెళ్ళినప్పుడు మామూలుగానే వెళ్ళారట. తిరిగొచ్చాక ఒక ఉత్తర్వు వేశారు.

"మండలికి వచ్చు మరియు మండలి నుండి వెళ్ళు లేఖలన్నియు నీరసముగా ఉన్నట్లు గమనించబడినది. ఇకమీదట ప్రతి లేఖయందు విధిగా ఒక ఆంగ్ల ఉత్సాహ వాక్యము ఉండవలెను. తెలుగు లిపిలో వ్రాసినను అభ్యంతరము లేదు. ఉత్సాహము లేని లేఖలు స్వీకరించబడవు."

పంటు వేళలు రాసి ఉండే బోర్డు తీసేసి ఆ మేకుకే ఉత్సాహ వాక్యాల బోర్డు తగిలించారు. రేవు పాకలో ఇంకో మేకు లేదు. చిన్న సంగతికి 'హ్యాపీ టు' అని రాయాలి. ఓ మాదిరి సంగతికి 'ఎక్సైటెడ్ టు'. పెద్ద సంగతికి 'థ్రిల్డ్ టు'. ఎదురుచూసేది ఏదైనా ఉంటే 'లుకింగ్ ఫార్వర్డ్'. 'ఓవర్ ది మూన్' అని మరొకటి ఉంది గానీ, దాన్ని డైరెక్టరు హోదాకి తక్కువ వాళ్ళు వాడరాదని కింద ఎర్ర సిరాతో రాశారు.

ఇవన్నీ జనం సరిగ్గా రాస్తున్నారో లేదో చూడడానికి ఉత్సాహ పరిశీలకుడు అనే పదవి సృష్టించి జోగినాథం గారిని మా రేవులో వేశారు. యాభై దాటిన మనిషి. ఎక్కడో మెట్ట ప్రాంతం వాడు. ఊళ్ళో ఒక గది తీసుకుని ఒక్కడూ ఉండేవాడు. పాకలో బల్ల ముందు కూర్చుని, ఎడం చేతి వైపు 'ఉత్సాహము కలదు' అనే ముద్ర, కుడి చేతి వైపు 'ఉత్సాహలోపము' అనే ముద్ర పెట్టుకునేవాడు. కుడి చేతి వైపు ముద్ర పిడి నెల తిరక్కుండానే నున్నబడింది.

మా ఊళ్ళో అర్జీలు రాసే పని నా మీద పడింది. బడికి వెళ్ళిన దాన్ని కాదు, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి చదివి అక్షరాలు పట్టుకున్నదాన్ని. అయినా తీరిగ్గా కూర్చునేది నేనే గనక నా దగ్గరికే వచ్చేవారు. మొదటి అర్జీ విరిగిన బల్ల గురించి. నిన్న ఒకాయన అరటి గెలతో సహా నీళ్ళలో పడ్డాడనీ, దయచేసి బాగుచేయించమనీ రాసి తీసుకెళ్ళాను.

జోగినాథం గారు చదివి కుడి చేతి వైపు ముద్ర తీశాడు.

"ఇందులో ఉత్సాహం ఏదమ్మా?"

"బల్ల విరిగిందండీ. ఉత్సాహం ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

"బల్ల విషయం ఇంజనీరింగు విభాగం పరిధిలోకి వస్తుంది. నా పరిధి ఉత్సాహం వరకే."

అక్కడే కూర్చుని మళ్ళీ రాశాను. 'పంటు బల్ల విరిగినదని తెలియజేయడానికి ఎక్సైటెడ్. ఒకాయన నీళ్ళలో పడినందుకు థ్రిల్డ్.'

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"ఒక లేఖకి ఒక్కటే వాక్యం. రెండు రాస్తే అత్యుత్సాహం కింద వస్తుంది. అదలా ఉంచండి. పడ్డాయన ఎంత లోతులో పడ్డాడు?"

"నడుం లోతేనండి," అన్నాడు మా వెనకాల నిలబడ్డ సరంగు ఏసోబు. పంటు నడిపేది అతనే.

"గెల?"

"గెల కొట్టుకుపోయిందండి. మడిసి దొరికాడు."

"మనిషి దొరికాడు గనక థ్రిల్డ్ చెల్లదు. హ్యాపీ చాలు."

హ్యాపీ అని రాశాం. ఎడం చేతి ముద్ర పడింది. పది రోజులకి మండలి నుంచి జవాబు వచ్చింది.

"పంటు బల్ల విరిగిన సందర్భముగా తాటిమెరక ప్రజలు వ్యక్తపరచిన ఆనందము మండలికి మిక్కిలి స్ఫూర్తిదాయకము. ప్రజాభీష్టము మేరకు సదరు బల్లను యథాతథ స్థితిలో కొనసాగించుటకు ఎక్సైటెడ్."

ఇది జరిగిన వారానికి ఏసోబు వాళ్ళమ్మ పోయింది. మూడు రోజులు సెలవు కావాలని కాగితం రాయించుకోడానికి నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను కాగితం తీశాను.

"ఏవని రాయమంటావురా?"

"బోర్డు మీద ఏది పెద్దదో అది రాసెయ్యి పెద్దమ్మా. అమ్మ కదా. చిన్నది రాత్తే బాగోదు."

'మా తల్లిగారు ప్రభువు సన్నిధికి చేరినారని తెలియజేయడానికి థ్రిల్డ్' అని రాశాను. జోగినాథం గారు ఆ కాగితం చాలాసేపు పట్టుకున్నాడు. చివరికి ఎడం చేతి ముద్ర వేసి పంపాడు. సాయంత్రానికి మండలి కార్యాలయం నుంచి ఫోనొచ్చింది. అంత ఉత్సాహంగా ఉన్న ఉద్యోగికి సెలవు ఎందుకని అడిగారట. సెలవు ఇవ్వలేదు. ఏసోబు పంటుని కొబ్బరి చెట్టుకి కట్టేసి అమ్మని సాగనంపడానికి వెళ్ళిపోయాడు. నేనైనా అదే చేసేదాన్ని.

ఆ మూడు రోజులూ పంటు కదల్లేదు. రెండు ఒడ్డుల్లోనూ జనం ఆగిపోయారు. పెళ్ళి సామాను వెలగలంకలో, పెళ్ళికూతురు తాటిమెరకలో ఉండిపోయాయి. కూరగాయలు గోనెల్లోనే మగ్గాయి. అందరూ పాక ముందు వరసకట్టి ఫిర్యాదులు రాశారు. పంటు లేనందుకు థ్రిల్డ్. వంకాయలు కుళ్ళినందుకు థ్రిల్డ్. పెళ్ళి ఆగినందుకు పెళ్ళికొడుకు తండ్రి ఏకంగా ఓవర్ ది మూన్ అని రాశాడు గానీ, హోదా చాలదని దాన్ని థ్రిల్డ్‌కి దించారు.

ఇంత జరిగాక ఇంజనీరో, ఇంకో సరంగో వస్తాడనుకున్నాం. ఉమాధీశ్వరరావు గారే స్వయంగా వచ్చారు. వెంట మంచం అంత ఫ్లెక్సీ తెచ్చారు. దాని మీద ఒక గ్రాఫు. ఎర్ర గీత ఒకటి కింద నుంచి పైకి నిచ్చెన ఎక్కినట్టు పోతోంది. అప్పటికి ఏసోబు తిరిగొచ్చి పంటు నడుపుతున్నాడు, ఆ వేళ శుక్రవారం గనక వరహాలు కూడా ఇటు వచ్చి నా పక్కనే ఉంది.

"మహాశయులారా," అన్నారు అధికారి గారు, "పంటు బాగా తిరిగిన రోజుల్లో ఈ రేవు నుంచి ఒక్క ఉత్సాహ లేఖ కూడా లేదు. బల్ల విరిగింది, కొన్ని హ్యాపీలు వచ్చాయి. ఎక్కడం ఆలస్యమై ట్రిప్పులు తగ్గాయి, ఎక్సైటెడ్‌లు మొదలయ్యాయి. పంటు పూర్తిగా ఆగింది. చూడండి, థ్రిల్డ్‌లు వంద దాటిపోయాయి! మూడు రోజులు ఆగితేనే ప్రజలకి ఇంత ఆనందమైతే శాశ్వతంగా ఆగితే ఎంత ఆనందం? ఆ ఆనందాన్ని మీకు అందించాలని మండలి సంకల్పించింది."

అందరికన్నా ముందు వరహాలు చేతులు జోడించింది.

"బాబూ, తవరికి దణ్ణం పెడతాను. మేం ఏడవలేక రాసేవండి అయ్యన్నీ."

"అమ్మా, మీరు రాసింది రికార్డులో ఉంటుంది. మీరు అన్నది గాలిలో పోతుంది. నేను రికార్డుతో పనిచేసేవాణ్ణి."

"అయితే పంటు ఆపొద్దని రాత్తావండి. పుచ్చుకుంటారా?"

"తప్పకుండా. అభ్యంతరాలు స్వీకరిస్తాం. ఉత్సాహంగా ఉండాలి, అంతే."

రాశాం. పంటు ఆపవద్దని కోరడానికి థ్రిల్డ్ అని ఇంటికొకటి రాశాం. మండలిలో లెక్కలు కట్టే గుమస్తాకి థ్రిల్డ్‌లు లెక్కపెట్టడమే పని, ముందు ఏముందో చదవడం పని కాదు. వారం తిరిగేసరికి గ్రాఫులో ఎర్ర గీత ఫ్లెక్సీ దాటిపోయిందని తెలిసింది.

మూసివేత తేదీ వచ్చేసింది. దానికి కూడా ఒక పద్ధతి ఉంది. రెండు ఒడ్డుల్లోనూ పంటు వాడేవారందరూ ఒకే రోజు, ఒకే చోట, ఎవరి కార్డు మీద వారు స్వహస్తాలతో 'పంటుకు గుడ్‌బై చెప్పడానికి థ్రిల్డ్' అని రాయాలి. రాయడం రానివాళ్ళు ఆ అక్షరాలు చూసి బొమ్మలా దించాలి. మండలి వారు రంగురంగుల స్కెచ్ పెన్నులు ఇస్తారు. మనిషికి ఒక్కటే కార్డు. నూటికి నూరు కార్డులూ శుభ్రంగా ఉంటేనే మూసివేత చెల్లుతుంది. అప్పుడే మా రేవుకి 'సంపూర్ణ ఉత్సాహ రేవు' అనే బిరుదు, అధికారి గారికి శాలువా. తొంభై తొమ్మిది కార్డులకి శాలువా లేదు.

అధికారి గారు నడవాలి గనక బల్ల బాగుచేశారు. అవతలి వాళ్ళందరినీ ఇటు తీసుకురావాలి గనక ట్రిప్పులు పెంచారు. షామియానా వేశారు. పంటుకి మామిడి తోరణం కట్టారు. అది అంత అందంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఊదారంగు పెన్ను నాకొచ్చింది. పక్కన వరహాలు నాలుక కొరుక్కుంటూ అక్షరాలు దించుతోంది. నాకు ఆ రేవంటేనే గుండె దడ. మా ఆయన్ని మంచంతో సహా ఆ పంటు మీదే పెద్దాసుపత్రికి దాటించాం. మళ్ళీ రాలేదు. పెద్దపిల్లని అత్తారింటికి పంపింది అక్కణ్ణించే. కోయంబత్తూరు పనికి పోతానన్న తమ్ముడు చెయ్యూపింది అక్కణ్ణించే. ఇప్పుడు ఈ వరహాలొక్కతే మిగిలితే, దీనికి కూడా గుడ్‌బై చెప్పడానికి నేను థ్రిల్డ్ అని నా చేత్తో నేనే రాయాలి. 'థ్రి' దాకా వచ్చాను. టప్పుమని ఒక చుక్క పడింది. ఊదారంగు చెదిరి, 'థ్రి' కాస్తా వంకాయంత అయింది.

జోగినాథం గారు కార్డు ఎత్తి వెలుగులో పట్టుకున్నాడు.

"ఉత్సాహం కారిపోయింది," అన్నాడు.

"ఇంకో కార్డు ఇవ్వండయ్యా!" అన్నారు అధికారి గారు.

"మనిషికి ఒక్కటేనండి. నియమావళి తమరే రాశారు."

అధికారి గారు నియమావళి తెరిచి చూసుకున్నారు. రాసింది తామే. మూసివేతని పదిహేను రోజులు వాయిదా వేశారు.

"అందాకా పంటు సంగతేంటండీ?" అని అడిగాడు ఏసోబు.

జోగినాథం గారు పేజీలు తిప్పాడు. "నడుస్తున్న పంటుని మూసే పద్ధతే ఇందులో ఉంది. ఆగిపోయిన పంటుని మూయడానికి వీల్లేదు. కాబట్టి మూసివేత దాకా నడుపుతూ ఉండాలి."

వరహాలు నన్ను మోచేత్తో పొడిచింది.

"అక్కా, ఇన్నావా? నువ్వేడిత్తే పంటు నడుత్తాదే!"

"నేను కావాలని ఏడవలేదే."

"ఎందుకేడిత్తే ఏంటి? పైసారి నేనేడుత్తాలే. నీ కళ్ళు అసలే అంతంతమాత్రం."

అన్నట్టే రెండో మూసివేతకి వరహాలు ఏడ్చింది. చచ్చిపోయిన గేదెని తలుచుకుందట. మూడోసారి వెలగలంక నాగరత్నం. ఆవిడ కోడలి పేరెత్తితే చాలు ఏడుస్తుంది, ఆ ఏడుపుకి వెనకాల ఇంకో రెండు కార్డులు కూడా తడిసిపోయాయి. ఆ తర్వాత ఈ మూసివేత రోజులకి ముగింపులని పేరు పెట్టి వంతులు వేసుకున్నాం. ఒక ముగింపుకి ఇటువాళ్ళు, ఒక ముగింపుకి అటువాళ్ళు. వెలగలంక వాళ్ళ ఏడుపులో పసలేదని మావాళ్ళూ, తాటిమెరక వాళ్ళు ముక్కులే చీదుతారు గానీ చుక్క రాల్చరని వాళ్ళూ ఎత్తిపొడుచుకునేవారు.

అందరూ ఒకచోట చేరుతున్నాం గదా అని వండుకుని తేవడం మొదలైంది. అటు నుంచి పనసపొట్టు కూర, ఇటు నుంచి పులిహోర. పెళ్ళి మాటలకి కూడా ముగింపు రోజే మంచి రోజైంది. ఆగిపోయిన ఆ పెళ్ళి ఒక ముగింపు నాడే పంటు మీద జరిగింది. జోగినాథం గారు మొదట్లో ఆకు ముందు కూర్చోనన్నాడు. పదవికి మచ్చ వస్తుందన్నాడు. రెండోసారి నిలబడి తిన్నాడు. మూడోసారి బాసిమఠం వేసుకుని కూర్చుని, మారు వడ్డించుకుని, వరహాలుతో అన్నాడు:

"ఆవ ఇలా పెట్టిన కూర నేను తినలేదమ్మా. ఇది పరిశీలకుడిగా చెప్పడం లేదు."

ఇలా సాఫీగా సాగుతుండగా వచ్చింది గండం.

ఆ ముగింపుకి వంతు వెలగలంక రావులమ్మది. తీరా ఆవిడ నల్ల కళ్ళజోడుతో దిగింది. "కంటి ఆపరేషనైందమ్మా. నెల్లాళ్ళు ఏడవద్దన్నాడు డాక్టరు. కుట్లున్నాయంట." నాగరత్నాన్ని అడిగాం. కోడలికి కానుపైందట, ఆవిడ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. ఆవిడ మొహంలో ఏడుపు ఛాయలే లేవు. వరహాలు గేదెని తలుచుకుంది గానీ ఈమధ్యే కొత్త గేదె ఈనింది.

"అక్కా, నువ్వే దిక్కు," అంది.

ఏడుపుదేముంది, నా దగ్గర ఎప్పుడూ ఉండేదే అనుకుని కూర్చున్నాను. మంచం మీద మా ఆయన్ని తలుచుకున్నాను. ఆయన నవ్వుతూ కనిపించాడు. తమ్ముణ్ణి తలుచుకున్నాను. ముందటి ముగింపు నాడు వాడు ఫోన్ చేసి, పులిహోర పార్సెల్ పంపమన్న మాట గుర్తొచ్చింది. ఇది చిట్టచివరి ట్రిప్పు, రేపట్నించి వరహాలు లేదు అని గట్టిగా అనుకున్నాను. పక్కనే వరహాలు ఇంగువ వాసనతో కూర్చుని నా కార్డులోకి తొంగి చూస్తోంది. ఇన్ని చివరి ట్రిప్పులు చూశాక మనసు నమ్మితేనా! చూస్తుండగానే ముత్యాల్లాంటి అక్షరాలతో వాక్యం పూర్తయింది. ఆకుపచ్చ రంగు. మచ్చ లేదు.

మిగతా కార్డుల వైపు చూశాను. వరహాలు కార్డు శుభ్రంగా ఉంది. నాగరత్నం కార్డు మీద మనవడు ఏదైనా చేస్తాడేమోనని చూశాం. వాడు నిద్రపోయాడు. ఏసోబు కార్డు శుభ్రంగా ఉంది. అతను తలపాగా విప్పి పంటు చుక్కాని మీద వేసి నిలబడ్డాడు.

"నూటికి నూరు!" అన్నారు ఉమాధీశ్వరరావు గారు. "శాలువా తెప్పించండి."

"ఇంకొకటి ఉందండి," అన్నాడు జోగినాథం గారు. "మూసివేతకి చివరి కార్డు పరిశీలకుడిది."

"ఏం రాయాలి?"

"రేవు మూతపడితే ఈ పదవి రద్దవుతుందండి. నన్ను కేంద్ర కార్యాలయం నదీ రేవుల విభాగానికి వేస్తారు. అందుకు థ్రిల్డ్ అని రాయాలి."

"కేంద్ర కార్యాలయం ఉన్న ఊళ్ళో నది ఎక్కడుందండి బాబూ?" అని అడిగాడు ఏసోబు.

"లేదు," అన్నాడు జోగినాథం గారు.

ఆయన కూర్చుని నీలం పెన్ను తీసుకున్నాడు. రోజుకి వందసార్లు ఇతరుల చేత రాయించిన మాటే. చెయ్యి తిరిగి ఉండాలి. 'నదీ రేవుల' అని రాసి ఆగాడు. ఒకసారి గోదావరి వైపు చూశాడు. ఒకసారి వరహాలు మూత పెట్టి ఉంచిన గిన్నె వైపు చూశాడు. మళ్ళీ వంగి రాశాడు. 'థ్రిల్డ్' దగ్గరికి వచ్చేసరికి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. మేమంతా మెడలు సాచి చూశాం. నీలం రంగు కార్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకుతోంది.

"చెమట!" అన్నారు అధికారి గారు. "ఎండ ఎక్కువగా ఉంది. అది చెమట కింద నమోదు చెయ్యండి."

జోగినాథం గారు లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు.

"క్షమించాలండి. బల్ల ఇంజనీరింగు విభాగం పరిధి. పంటు సరంగు పరిధి. ఇది చెమటా, మరొకటా అన్నది నా పరిధి."

కుడి చేతి వైపు ముద్ర తీసి తన కార్డు మీద తనే గట్టిగా వేసుకున్నాడు. ఉత్సాహలోపము.

షామియానా ఎగిరిపోయేంత గోల లేచింది. ఆ గోలలోనే అధికారి గారు మరో పదిహేను రోజులకి తేదీ వేసి, శాలువాని మడత విప్పకుండానే కార్లో పెట్టించి వెళ్ళిపోయారు. జోగినాథం గారు మాత్రం ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. వరహాలు ఆయన ముందు ఆకు వేసింది.

"ఊరుకోండి బాబూ. తవరెక్కడికీ ఎల్లక్కర్లేదు. ఇదిగో, ముందు ఓ ముద్ద తినండి. పై ముగింపుకి అరటిదూట పెరుగుపచ్చడి తెత్తాను."

"పక్షం రోజులు ఆగాలి కదమ్మా," అన్నాడు ఆయన.

సాయంత్రం ఏసోబు తలపాగా మళ్ళీ చుట్టుకుని హారన్ కొట్టాడు. వెలగలంక వాళ్ళంతా ఎక్కారు. పంటు కదిలాక వరహాలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచింది.

"అక్కోయ్! ఈసారి వంతు ఎవరిదే?"

"వంతులక్కర్లేదులే! ఆయనున్నాడుగా!"

ఇన్నేళ్ళూ నేను పంటు అవతలి ఒడ్డు చేరి, దాని చీర రంగు చెట్లల్లో కలిసేదాకా రేవులోనే నిలబడేదాన్ని. ఆ రోజు పంటు సగం దూరం కూడా పోలేదు, ఇంటిదారి పట్టాను. అప్పడాల పిండి తడిపి వచ్చాను, ఆరిపోతుంది.